రాష్ట్రపతి చేతిలో ఉన్నది కాలమే

బెంగళూరు లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్‌కు ఏటా రెండుసార్లు జనం పోటెత్తుతారు. గణతంత్ర దినానికి ఒకసారి, స్వాతంత్ర్య దినానికి ఒకసారి జరిగే పూల ప్రదర్శన చూడటానికి మహదేవపుర, కె.ఆర్.పురం, బొమ్మనహళ్ళి వైపు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తెలుగు కుటుంబాలు ఆ వరుసల్లో తక్కువేమీ ఉండవు. పోత ఇనుప స్తంభాల మీద నిలిచిన ఆ గాజు కప్పు కిందే 1969 జులైలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. రాష్ట్రపతి పదవికి ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురెదురుగా నిలబడే పరిస్థితి పుట్టింది ఆ రోజుల్లోనే, ఈ ఊళ్ళోనే. అలంకారప్రాయం అని పేరుపడ్డ కుర్చీ కోసం మొదలైన తగవు ఏడాది తిరక్కుండానే దేశంలోని అతిపెద్ద పార్టీని రెండుగా చీల్చింది. అధికారం లేని పదవి కోసం అంత పోరు ఎందుకు?

రాష్ట్రపతిని ఉత్సవ విగ్రహం అనడం మనకు అలవాటు. ఆ పోలికలో నిజం ఉంది. గర్భగుడిలో మూలవిరాట్టు కదలదు, ఊరేగింపుకు వెళ్ళేది ఉత్సవమూర్తి. 2022 సెప్టెంబరులో మైసూరు దసరాను ప్రారంభించడానికి ద్రౌపదీ ముర్ము చాముండి కొండకు వచ్చింది అలాంటి పాత్రలోనే. జెండా వందనం, సైనిక వందనం, పార్లమెంటులో మంత్రివర్గం రాసిచ్చిన ప్రసంగం, విదేశీ అతిథులకు విందు, వీటన్నిటిలో కనిపించేది రాష్ట్రపతి, నడిపేది మంత్రివర్గం. 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే అంటుంది. 74వ అధికరణం ఆ అధికారాన్ని మంత్రివర్గ సలహా మేరకే వాడాలంటుంది. చేతికి ఇచ్చింది మొదటిది, ఆ చేతిని పట్టుకున్నది రెండోది.

అయితే పోలిక అక్కడితో సరిపోదు. ఉత్సవమూర్తి సంతకం పెట్టదు, రాష్ట్రపతి పెట్టాలి. ఆ సంతకం పడేదాకా బిల్లు చట్టం కాదు, ఆర్డినెన్సు అమల్లోకి రాదు, లోక్‌సభ రద్దు కాదు. సలహాను కాదనే హక్కు లేకపోయినా, సంతకానికి ముందు ఆగే వెసులుబాటు ఉంది. ఆ పదవి చరిత్రను ఎవరెంత గొప్పవారు అన్న లెక్కన చూస్తే పెద్దగా ఏమీ దొరకదు. ఎవరు ఎన్నాళ్ళు ఆగారు, ఎందుకు ఆగారు, ఎవరు అసలు ఆగలేదు అని చూస్తే మాత్రం అంతా అర్థమవుతుంది.

1969 దగ్గరికి వద్దాం. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకట గిరి తాత్కాలిక బాధ్యతలు తీసుకున్నారు. ఆయన బెంగళూరుకు కొత్తవారు కాదు, 1965 నుంచి 1967 దాకా మైసూరు రాష్ట్ర గవర్నరుగా ఇక్కడే ఉన్నారు. ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలని 62వ అధికరణం చెబుతుంది. జులై 12న బెంగళూరులో కూర్చున్న కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు తమ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి పేరును నాలుగు-రెండు ఓట్లతో ఖాయం చేసింది. ఇందిరాగాంధీ కోరుకున్నది జగ్జీవన్ రామ్‌ను. బోర్డులో ఓడిన ప్రధాని నాలుగు రోజుల్లో మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. గిరి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు.

ఆ తర్వాతి రెండు రోజులు ఈ పదవి గురించి పుస్తకాలు చెప్పలేనంత చెబుతాయి. జులై 19 శనివారం. 21 సోమవారం పార్లమెంటు సమావేశాలు మొదలు కావాలి. 50 కోట్ల రూపాయలకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద ఆ శనివారం గిరి తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో సంతకం పెట్టారు. బెంగళూరు కేంద్రంగా నడిచే కెనరా బ్యాంకు ఆ పద్నాలుగులో ఒకటి. మర్నాడు, 20న, ఎన్నికల్లో పోటీ కోసం ఆయన పదవి వదులుకున్నారు. పార్లమెంటు సమావేశంలో లేనప్పుడే 123వ అధికరణం కింద ఆర్డినెన్సు తేవచ్చు. అంటే వెసులుబాటు ఉన్నది ఆ ఒక్క వారాంతమే. సంతకం పెట్టాల్సిన మనిషి ఆదివారం వెళ్ళిపోతున్నారు. కాగితాన్ని వెనక్కి పంపితేనో, నాలుగు రోజులు బల్ల మీద ఉంచుకుంటేనో ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. రాష్ట్రపతి భవన్‌లో ఎవరుంటారన్నది పార్టీ పెద్దలకు అంత ముఖ్యమైనది అందుకే. ఒక పార్టీలో రెండు శిబిరాలు సమాన బలంతో ఉన్నప్పుడు ప్రధానిగా ఎవర్ని పిలవాలన్న నిర్ణయం కూడా ఆ బల్ల మీదికే వస్తుంది.

గిరి రాజీనామాతో రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అలాంటి పరిస్థితికి రాజ్యాంగంలో నేరుగా ఏర్పాటు లేదు. దాన్ని ముందే పసిగట్టి 1969 మే నెలలోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా జులై 20 నుంచి ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి విధులు నిర్వహించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వచ్చినప్పుడు స్వాగతం పలికింది ఆయనే.

ఇక ఎన్నిక. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. నేరుగా ఎన్నికైన మనిషికి అధికారం ఇవ్వకపోతే అది పొసగదని, దేశమంతటా ఎన్నిక జరిపే ఖర్చూ శ్రమా వృథా అని రాజ్యాంగ సభలో నెహ్రూ వాదించారు. అందుకే ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేస్తారు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. కర్ణాటక విధాన పరిషత్తులోని 75 మందికీ లేదు. ఒక్కో ఎమ్మెల్యే ఓటుకు ఒక్కో విలువ ఉంటుంది. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఆ విలువ వస్తుంది. కర్ణాటక జనాభా 2,92,99,014. 224తో భాగిస్తే 1,30,799. వెయ్యితో భాగిస్తే 130.8. మిగిలిన భిన్నం సగానికి తగ్గకపోతే ఒకటి కలుపుతారు కాబట్టి 131.

ఇంత తక్కువ జనాభా ఏమిటని అనుమానం రావడం సహజం. అది 1971 జనగణన లెక్క. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని ఆ లెక్కను అక్కడే ఆపేశారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వివరాలు ప్రచురితమయ్యేదాకా అదే చెల్లుతుంది. 1971లో 16 లక్షల పైచిలుకు ఉన్న బెంగళూరు 2011కే 84 లక్షలు దాటింది. ఇక్కడికి పనుల కోసం వచ్చి స్థిరపడ్డ లక్షల మంది తెలుగువాళ్ళు ఈ లెక్కలో ఎక్కడా లేరు. ఓటు కె.ఆర్.పురానికి మార్చుకున్నవారి ఎమ్మెల్యే ఓటు విలువ 131, ఇంకా అనంతపురంలోనే ఉంచుకున్నవారి ఎమ్మెల్యే ఓటు విలువ 159. తెలంగాణ ఎమ్మెల్యేది 132, తమిళనాడుది 176, ఉత్తరప్రదేశ్‌ది 208, సిక్కింది 7.

దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల మొత్తం విలువను ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. అది చాలాకాలం 708. 2022లో జమ్మూకాశ్మీర్ అసెంబ్లీ లేకపోవడంతో ఎమ్మెల్యేల మొత్తం 5,43,231కి తగ్గి, 776 మంది ఎంపీలకు పంచితే 700 అయింది.

కర్ణాటక ఎమ్మెల్యేలు ఓటేసేది విధానసౌధలో. వారికి గులాబీ రంగు బ్యాలెట్ ఇస్తారు, ఎంపీలకు ఆకుపచ్చది. అందులో పార్టీ గుర్తులుండవు. ఒక వరుసలో పేర్లు, పక్క వరుసలో ప్రాధాన్యత క్రమం రాయడానికి ఖాళీ గడి. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా సిరా పెన్నుతోనే రాయాలి. జేబులోని పెన్ను వాడితే ఓటు చెల్లదు. ఏ భారతీయ భాష అంకె అయినా పనికొస్తుంది. తెలుగులో ౧ అని వేసినా, కన్నడ అంకె వేసినా సరే. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే మాత్రం పోయినట్టే. టిక్కు పెట్టి ఊరుకున్నా, ఇద్దరి ఎదురుగా 1 వేసినా, కింద సంతకం చేసినా అంతే. రెండో ప్రాధాన్యత ఇవ్వకపోతే ఓటుకు ఇబ్బంది లేదు, మొదటిది లేకపోతే కాగితానికే విలువ లేదు. చట్టాలు చేసేవారే ఈ తప్పులు చేస్తున్నారన్నది బాధాకరం. 2017లో 77 ఓట్లు, 2022లో 53 ఓట్లు చెల్లలేదు. పోలింగు ముగిశాక పెట్టెకు సీలు వేసి, విమానంలో దాని పేర టికెట్టు కొని, అధికారి పక్క సీట్లో కూర్చోబెట్టి ఢిల్లీ చేరుస్తారు.

చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగం, దాని మీద ఒకటి. అది అందుకుంటేనే గెలుపు. ఎవరూ అందుకోకపోతే అడుగున ఉన్నవారిని తీసేసి, ఆ కాగితాల మీద తర్వాతి ప్రాధాన్యత ఎవరికి ఉంటే వారికి కలుపుతారు. మన చరిత్రలో గెలుపు తేలడానికి ఈ పని అవసరమైంది 1969లోనే. అప్పుడు 15 మంది అభ్యర్థులు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337, గెలుపు గీత 4,18,169. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. తేడా 87,967. తొలగింపులన్నీ పూర్తయ్యేసరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తర్వాతి ప్రాధాన్యతల్లో రెడ్డికి 91,879 కలిస్తే గిరికి కలిసింది 18,562 మాత్రమే. అంటే దేశ్‌ముఖ్‌ను బలపరిచిన స్వతంత్ర, జనసంఘ్ సభ్యులు రెండో ఓటును భారీగా రెడ్డికే వేశారు. ఆ ఓట్ల కోసం ఆ పార్టీలతో మాట్లాడినది కాంగ్రెస్ అధ్యక్షుడు, కన్నడిగుడు ఎస్. నిజలింగప్ప. ఆ మంతనాలనే ఆధారం చేసుకుని అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయండన్న పిలుపు ఇందిరాగాంధీ వర్గం నుంచి వచ్చింది, కాంగ్రెస్ ఓట్లు చీలాయి. రెండో ఓట్లు తేవడానికి చేసిన ప్రయత్నమే మొదటి ఓట్లకు గండి కొట్టింది. గిరి గీత దాటింది 1,908 విలువతో. నేటి విలువల్లో చెబితే అది 15 మంది కర్ణాటక ఎమ్మెల్యేల కంటే తక్కువ.

సంజీవరెడ్డికి ఆ కుర్చీ ఎనిమిదేళ్ళ తర్వాత దక్కింది, ఈసారి పోటీ లేకుండా. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఇప్పుడైతే 50 మంది సభ్యులు ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి, 15,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఆయన ప్రమాణం చేసిన జులై 25వ తేదీనే ఆ తర్వాతి రాష్ట్రపతులంతా ప్రమాణం చేస్తూ వస్తున్నారు.

రెడ్డి రావడానికి ముందు కొన్ని నెలలు ఆ కుర్చీలో తాత్కాలికంగా ఉన్నది బి.డి. జత్తి, ఒకప్పటి మైసూరు రాష్ట్ర ముఖ్యమంత్రి. 1977 ఏప్రిల్‌లో జనతా ప్రభుత్వం కాంగ్రెస్ పాలిత రాష్ట్రాలు తొమ్మిదింటిలో అసెంబ్లీల రద్దుకు సిఫారసు చేసింది. జత్తి వెంటనే సంతకం పెట్టలేదు. ఒక రోజు ఆగి ఏప్రిల్ 30న పెట్టారు. ఆ ఒక్క రోజుకే పెద్ద దుమారం రేగింది. 1976 నాటి 42వ సవరణ సలహా ప్రకారం నడుచుకు తీరాలని రాసిపెట్టింది కాబట్టి ఆయన చేయగలిగింది అంతే. ఆ ఒక్క రోజునూ 1975 జూన్ 25 రాత్రినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన మీద నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టేనాటికి మంత్రివర్గం ఇంకా సమావేశం కానేలేదు. ప్రధాని లేఖ ఒక్కటే వచ్చింది. మంత్రివర్గం తీర్మానం ఏదని అడిగే సమయం కూడా ఆయన తీసుకోలేదు. ఈ పదవి చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన తొందర అదే. 1978 నాటి 44వ సవరణ రెండు తలుపులూ బిగించింది. అత్యవసర పరిస్థితికి మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా రావాలి. ఏ సలహానైనా పునరాలోచించమని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపవచ్చు, మళ్ళీ వస్తే ఒప్పుకోవాలి.

సలహా ఇచ్చే మంత్రివర్గమే కూలినప్పుడు ఏం చేయాలి? అక్కడ ఈ నియమాలేవీ పనిచేయవు. సంజీవరెడ్డికి 1979లో ఎదురైంది సరిగ్గా అదే. జులై 15న ప్రధాని మొరార్జీ రాజీనామా చేశారు. రెడ్డి మొదట ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను పిలిచారు, ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీ, చరణ్‌సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు తెమ్మన్నారు. జాబితా బలం చూసి చరణ్‌సింగ్‌ను పిలిచారు, ఆగస్టు మూడో వారంలోగా సభలో బలం నిరూపించుకోమన్నారు. కాంగ్రెస్(ఐ) మద్దతు జారిపోవడంతో చరణ్‌సింగ్ సభకు ముఖం చూపకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి లోక్‌సభ రద్దుకు సలహా ఇచ్చారు. తనకు బలం ఉందని జగ్జీవన్ రామ్ చెబుతుండగానే 22న రెడ్డి సభను రద్దు చేశారు. సభలో ఒక్క రోజైనా మెజారిటీ చూపని ప్రధాని సలహాకు ఆ బరువు ఇవ్వాల్సింది కాదు. జగ్జీవన్ రామ్‌కు వారం రోజుల గడువు ఇచ్చి ఉంటే సభే తేల్చేది. చవాన్‌కు, చరణ్‌సింగ్‌కు ఇచ్చిన సమయం మూడో మనిషికి అందలేదన్నది ఆ నిర్ణయం మీద చెరగని మచ్చ. ఆ అనుభవం వృథా కాలేదు. 1989లో ఆర్. వెంకట్రామన్ అతిపెద్ద పార్టీని ముందు పిలిచే పద్ధతి పాటించారు, రాజీవ్‌గాంధీ కాదనడంతో వి.పి. సింగ్‌ను పిలిచారు. 1998లో కె.ఆర్. నారాయణన్ మద్దతు లేఖలు చేతికి వచ్చాకే వాజ్‌పేయిని పిలిచారు.

బలం లెక్కపెట్టాల్సింది రాష్ట్రపతి, గవర్నర్ల గదుల్లో కాదన్న సూత్రం మాత్రం బెంగళూరు నుంచే వచ్చింది. 1989 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరిస్తున్నట్టు 19 మంది ఎమ్మెల్యేల లేఖలు గవర్నరుకు చేరాయి. గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య, నంద్యాల ప్రాంతపు తెలుగువారు. మర్నాడే వారిలో ఏడుగురు తమ సంతకాలు మోసపుచ్చి తీసుకున్నారని రాశారు. సభలో తేల్చుకుంటానని, సమావేశాలను ముందుకు జరుపుతానని బొమ్మై అడిగారు. విధానసౌధ, గవర్నరు నివాసం ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నా ఆ సభ జరగలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన ప్రకటన వెలువడింది. 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ప్రకటన రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, మెజారిటీ తేలాల్సింది సభలోనేనంది, రాష్ట్రపతి ప్రకటనను కోర్టులు పరిశీలించవచ్చంది. అప్పటికి కర్ణాటకలో మళ్ళీ ఎన్నికలు జరిగి నాలుగేళ్ళు దాటింది కాబట్టి బొమ్మైకి తిరిగి వచ్చింది ఏమీ లేదు. ఆ తీర్పు ఫలం 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌కు దక్కింది. కల్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని తొలగించమని గుజ్రాల్ మంత్రివర్గం పంపిన సిఫారసును నారాయణన్ వెనక్కి పంపారు. కేంద్రం మళ్ళీ పంపలేదు. 1998లో బిహార్ విషయంలోనూ ఆయన అదే చేశారు. 44వ సవరణ ఇచ్చిన ఒక్క అవకాశం ఎంత పనిచేస్తుందో అప్పుడు తెలిసింది. వెనక్కి వచ్చిన కాగితం మీద దేశమంతా చర్చిస్తుంది, ఆ చర్చ తర్వాత అదే సలహా మళ్ళీ ఇవ్వడానికి మంత్రివర్గం జంకుతుంది.

బిల్లుల సంగతి వేరు. 111వ అధికరణం కింద ద్రవ్య బిల్లు కానిదాన్ని ఒకసారి తిప్పి పంపవచ్చు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం అలాగే పంపారు, పార్లమెంటు మళ్ళీ ఆమోదించడంతో ఆగస్టులో సంతకం పెట్టారు. తిప్పి పంపదలిస్తే 'సాధ్యమైనంత త్వరగా' పంపాలని ఉంది గానీ సంతకానికి గడువు లేదు. ఆ ఖాళీలోనే జైల్‌సింగ్ 1986 నాటి తపాలా సవరణ బిల్లును అట్టే పెట్టుకున్నారు. ఉత్తరాలు విప్పి చదివే అధికారం ప్రభుత్వానికిచ్చే ఆ బిల్లు చివరికి చట్టం కాలేదు. మంచి కోసం వాడినా, గడువు లేని అధికారం రెండు వైపులా పదునున్న కత్తి.

అది రెండో వైపు తెగేది రాష్ట్రాల బిల్లుల మీద. గవర్నరు రాష్ట్రపతికి పంపిన బిల్లు గురించి తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మూడు నెలల గడువు పెట్టింది. రాష్ట్రపతి ముర్ము 14 ప్రశ్నలతో సుప్రీంకోర్టు అభిప్రాయం కోరారు. రాజ్యాంగంలో లేని గడువును కోర్టు విధించజాలదని, గడువు దాటితే సంతకం పడినట్టే భావించడం కుదరదని నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. కారణం చెప్పకుండా దీర్ఘకాలం తాత్సారం చేస్తే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని గవర్నరును పరిమితంగా ఆదేశించవచ్చన్నారు. బిల్లులు ఢిల్లీకి చేరి ఆగిపోవడం కర్ణాటకకూ తెలిసిన బాధే. 201వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును అసెంబ్లీ ఆరు నెలల్లోగా మళ్ళీ పరిశీలించాలి. మళ్ళీ ఆమోదించి పంపినా రాష్ట్రపతి సంతకం పెట్టి తీరాలన్న నియమం లేదు, ఎన్నాళ్ళలో తేల్చాలన్న మాటా లేదు. ఆరు నెలల గడువు విధానసౌధకే.